జిమ్ వాళ్ళమ్మ ఏడుస్తున్న బొమ్మ

మా ఇంట్లో ఇంగ్లీషు పుస్తకాలు ఉండేవే కావు. నాన్న తెలుగు మాస్టారు, ఆయన అలమారా నిండా ప్రబంధాలూ వ్యాకరణాలూ పాత వారపత్రికల బైండింగులూ, మా పిల్లల వాటాకి మాత్రం స్టీవెన్సన్ రాసిన ట్రెజర్ ఐలాండ్ ని నండూరి రామమోహనరావు గారు తెలుగు చేసిన కాంచన ద్వీపం ఉండేది, అన్నయ్యా నేనూ దాన్ని అట్ట ఊడొచ్చేదాకా చదివాం. అందులో సముద్రపు దొంగ జాన్ సిల్వర్ అంటే మాకు పామర్రు సంతలో కనిపించే మనిషంత బాగా తెలుసు. అట్లాంటి రోజుల్లో ఒక వేసవిలో నాన్న స్పాట్ వాల్యుయేషన్ కని బెజవాడ వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు లెనిన్ సెంటర్ లో పాత పుస్తకాల షాపులో ట్రెజర్ ఐలాండ్ ఇంగ్లీషుది పట్టుకొచ్చారు, "మీకు కథ తెలుసు కదా, ఇంగ్లీషు దానంతట అదే వస్తుంది" అన్నారు. ఇంగ్లీషు సంగతి ఏమో గానీ ఆ పుస్తకం తెరవగానే మాకు రంగుల బొమ్మలు కనిపించాయి, ఇంక కథ ఎవరిక్కావాలి.

పెద్ద సైజు పుస్తకం. మొదటి పేజీలు లేవు, అందుకని బొమ్మలు వేసిందెవరో మాకు తెలిసే దారి లేదు. ఆ దొంగల్లో గుడ్డివాడు ప్యూ బొమ్మ ఒకటి ఉండేది, రాత్రి వెన్నెల్లో ఒంటరిగా రోడ్డు మీద చిరుగుల కోటు వేసుకుని కర్ర పట్టుకుని చెయ్యి ముందుకి చాపి తడుముకుంటూ వస్తుంటాడు, ఆ పేజీ వస్తోందంటే అన్నయ్య నా కళ్ళు మూసేవాడు, నేను వేళ్ళ సందుల్లోంచి చూసేదాన్ని. ఇంకో దాంట్లో కథ చెప్పే కుర్రాడు జిమ్ ఓడ స్తంభం మీద రెండు పిస్తోళ్ళు పట్టుకుని కూర్చుని ఉంటాడు, కింద నుంచి కత్తి పట్టుకుని ఇంకో దొంగ ఇజ్రేల్ హ్యాండ్స్ పైకి ఎక్కుతుంటాడు.

కానీ మా అమ్మ బొమ్మ వేరే. అమ్మకి ఇంగ్లీషు రాదు, మధ్యాహ్నం వంటింటి పని అయ్యాక వసారాలో చాప మీద పడుకుని ఆ పుస్తకం పొట్ట మీద పెట్టుకుని బొమ్మలు తిప్పేది, ఎప్పుడూ ఒకచోటే ఆగేది. అందులో జిమ్ ఇల్లు వదిలి వెళ్తుంటాడు. చేతిలో చిన్న మూట, మన వైపే నడిచి వస్తుంటాడు, వెనకాల ఇంటి గోడ మీద ఎండ పడుతుంటుంది, ఆ ఎండలో వాళ్ళమ్మ ముఖం దాచుకుని ఏడుస్తుంటుంది.

"ఈ తల్లి ఎందుకే అంతలా ఏడుస్తోంది" అని అడిగేది.

"వాడు నిధి కోసం సముద్రం మీదకి వెళ్ళిపోతున్నాడమ్మా."

"చెప్పి వెళ్తున్నాడా, చెప్పకుండానా?"

"చెప్పే వెళ్తున్నాడు."

"మరి వెనక్కి చూడడేం."

ఆ ప్రశ్నకి మా దగ్గర జవాబు ఉండేది కాదు. తెలుగు పుస్తకం తీసి చూసినా అక్కడ అట్లాంటిదేం కనపడలేదు, సరే బొమ్మలవాడు వేసుకున్నాడులే అని వదిలేశాం.

ఆ పుస్తకం తర్వాత ఏమైందో తెలీదు. ఇల్లు మారినప్పుడు పోయిందో, చుట్టాల పిల్లలెవరైనా పట్టుకెళ్ళారో. నేను చదువుకీ ఉద్యోగానికీ అమెరికా వచ్చేశా, కొన్నాళ్ళకి డెలావేర్ లో విల్మింగ్టన్ దగ్గర స్థిరపడ్డాం. ఇక్కడ బ్యాంకుల్లో పనిచేసే మన వాళ్ళు చాలామంది ఉన్నారు, అమ్మానాన్నలు వస్తే అందరూ తీసుకెళ్ళేది లాంగ్‌వుడ్ గార్డెన్స్ కే. మా బాబు చిన్నప్పుడు వాడి కోసం లైబ్రరీలో పిల్లల పుస్తకాలు వెతుకుతుంటే ఒకరోజు నల్ల అట్ట మీద రంగుల బొమ్మ అంటించిన ట్రెజర్ ఐలాండ్ చేతికొచ్చింది. అక్కడే నేల మీద కూర్చుండిపోయా. గుడ్డి ప్యూ ఉన్నాడు, స్తంభం మీద జిమ్ ఉన్నాడు, ఏడ్చే తల్లీ ఉంది. ఈసారి మొదటి పేజీ కూడా ఉంది, దాని మీద పేరుంది, ఎన్.సి. వైయత్. ఇంటికొచ్చి చూస్తే ఆయన ఇల్లు చాడ్స్ ఫోర్డ్ లో, మా ఇంటి నుంచి కారులో అరగంట కూడా పట్టదు. పామర్రు దగ్గర పల్లెటూళ్ళో వసారాలో చూసిన బొమ్మ పుట్టింది నేను రోజూ ఆఫీసుకి వెళ్ళే రోడ్డుకి అంత దగ్గర్లో! ఆ రోజు నాకు పని మీద ధ్యాస నిలవలేదు.

ఆయన గురించి దొరికినవన్నీ చదివాను, చదివిన కొద్దీ ఆ బొమ్మలో తల్లి ఎందుకు ఏడుస్తోందో అర్థమవుతూ వచ్చింది.

న్యూవెల్ కాన్వర్స్ వైయత్ 1882 లో మసాచుసెట్స్ లో నీధమ్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి గడ్డీ దాణా వ్యాపారం, బొమ్మలేసుకుంటే పూట గడుస్తుందా అనే రకం. తల్లి వైపు వాళ్ళు స్విట్జర్లాండ్ నుంచి వచ్చినవాళ్ళు, కొడుక్కి బొమ్మల మీద మనసుందని ముందు కనిపెట్టిందీ అండగా నిలబడిందీ ఆవిడే. 1902 లో, ఇరవై ఏళ్ళప్పుడు, ఆ అబ్బాయి ఇల్లు వదిలి విల్మింగ్టన్ లో హోవర్డ్ పైల్ దగ్గర చేరాడు. పైల్ ఆ రోజుల్లో అమెరికాలో పుస్తకాల బొమ్మలకి పెద్ద పేరు, సముద్రపు దొంగలంటే ఇట్లా ఉంటారు అని మనందరి బుర్రల్లో ఉన్న తలగుడ్డా నడుముగుడ్డా రూపం చాలా వరకు ఆయన వేసిందే. చదువు చెప్పినందుకు ఫీజు తీసుకునేవాడు కాదు, వచ్చినవాళ్ళలో పనికొచ్చేవాళ్ళని ఏరి పెట్టుకునేవాడు, ఎండాకాలం అందర్నీ చాడ్స్ ఫోర్డ్ తీసుకెళ్ళి బ్రాండీవైన్ ఏటి ఒడ్డున బొమ్మలేయించేవాడు. వేసే మనిషి వెయ్యబోయే దాంట్లోకి దూరాలి, వాడి చెయ్యి నొప్పెడితే నీ చెయ్యి నొప్పెట్టాలి, ఇదీ ఆయన పాఠం. వైయత్ కి ఆ పాఠం ఒంటికి పట్టేసింది. చేరిన కొద్ది నెలలకే, 1903 ఫిబ్రవరిలో, సాటర్డే ఈవెనింగ్ పోస్ట్ పత్రిక అట్ట మీద ఆయన వేసిన ఎగిరి తన్నే గుర్రం బొమ్మ వచ్చింది.

తర్వాత పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, అద్దె ఇంట్లో కాపురం. నీధమ్ మీద బెంగ మాత్రం పోలేదు. తల్లికి ఉత్తరాలు రాస్తూనే ఉండేవాడు, ఎండా వానా పిల్లల జ్వరాలూ ఎంత వరకు వేశానూ అన్నీ రాసేవాడు. ఆ ఉత్తరాలన్నీ తర్వాత పుస్తకంగా వచ్చాయి, పెద్ద పుస్తకం, అది చదువుతుంటే ఎస్టీడీ రోజుల్లో మేం ఇళ్ళకి రాసుకున్న ఉత్తరాలు గుర్తొచ్చి నాకు గొంతు పట్టేసింది.

1911 లో న్యూయార్క్ లో స్క్రిబ్నర్స్ వాళ్ళు ట్రెజర్ ఐలాండ్ కి బొమ్మలు వెయ్యమని ఆయనకి పని ఇచ్చారు. కథ అప్పటికే పాతది, స్టీవెన్సన్ పుస్తకం 1883 లోనే వచ్చింది, బొమ్మలతో కూడా వచ్చింది, కానీ ఈయన వేశాక వెనకటివి ఎవరికీ గుర్తులేకుండా పోయాయి. పదిహేడు ఆయిల్ పెయింటింగులు, నాలుగు నెలల్లో. పుస్తకంలో జానెడు బొమ్మ కోసం ఈయన ఎత్తు 47 అంగుళాలు, వెడల్పు 38 అంగుళాలు ఉన్న కాన్వాసు మీద వేసేవాడు, అంటే దాదాపు నాలుగడుగుల ఎత్తు. ప్రెస్సులో అంతా చిన్నదై రంగులు మసకబారతాయని తెలుసు, అయినా అంతే. వారానికి ఒకటి చొప్పున అంత పెద్దవి పడుతున్నాయంటే ఆ మనిషి నిద్రపోయాడా అని నాకు అనుమానం. అవి అయ్యాక ఇంటికి రాసిన ఉత్తరంలో ఇంతకు ముందు చేసినవాటన్నిటి కంటే ఇవే ఎంతో బాగా వచ్చాయని సంబరంగా రాసుకున్నాడు.

ఆ డబ్బుతో చాడ్స్ ఫోర్డ్ లో 18 ఎకరాలు కొన్నాడు. 1777 లో బ్రాండీవైన్ యుద్ధం జరిగిన ప్రాంతం అది. అక్కడే ఇల్లు కట్టుకున్నాడు, ఇంటి పైన గుట్ట మీద ఉత్తరం వైపు పెద్ద కిటికీతో స్టూడియో కట్టుకున్నాడు. అదే ఏడాది నవంబరులో గురువు పైల్ ఇటలీలో ఫ్లోరెన్స్ లో చనిపోయాడు. శిష్యుడికి ఇల్లు లేచిందీ గురువు పోయిందీ ఒకే ఏడు.

ఇంక అసలు సంగతికి వస్తా. ఆ తల్లి బొమ్మ ఉన్న ఘట్టం స్టీవెన్సన్ ఏం రాశాడా అని ఇంగ్లీషు పుస్తకంలో ఏడో అధ్యాయం మళ్ళీ చదివా. అక్కడ తల్లి ఏడవదు! జిమ్ ఇంటికెళ్ళేసరికి ఆవిడ ఆరోగ్యంగా హుషారుగా ఉంటుంది, జమీందారు ట్రెలానీ జిమ్ వాళ్ళ సత్రం అంతా బాగుచేయించి రంగులేయించి ఆవిడ కూర్చోడానికి మంచి కుర్చీ కూడా పెట్టించి ఉంటాడు, జిమ్ లేనప్పుడు సాయానికి ఇంకో కుర్రాణ్ణి కూడా పెడతాడు. ఆ కుర్రాణ్ణి తన చోట చూసేసరికి ఏడుపొచ్చేది జిమ్ కి. మర్నాడు అమ్మకీ, పుట్టిపెరిగిన ఆ తీరానికీ వీడ్కోలు చెప్పానని ఒక్క ముక్కలో తేల్చేసి బండెక్కి నిద్రపోతాడు, కళ్ళు తెరిచేసరికి ఓడరేవు బ్రిస్టల్.

ఆ ఒక్క ముక్క పట్టుకుని వైయత్ నాలుగడుగుల కాన్వాసు వేశాడు, అందులో పుస్తకంలో లేని ఏడుపు పెట్టాడు. ఆ సత్రం వెనక నీధమ్ లో ఆయన పుట్టిల్లే ఉందని ఆయన గురించి రాసినవాళ్ళు అంటారు. నాకైతే అనుమానమే లేదు. కథ చెప్పేది జిమ్. జిమ్ ముందుకి నడుస్తున్నాడు, వెనకాల ఏం జరుగుతోందో వాడికి తెలీదు కాబట్టి కథలో రాదు. అమ్మ హుషారుగా ఉంది అనే వాడనుకుంటాడు, ఎందుకంటే వాడి ముందు ఆవిడ అలాగే ఉంది. బొమ్మ చూసేవాళ్ళకి మాత్రం వాడి వెనక ఉన్నది కనిపిస్తుంది. ఇరవై ఏళ్ళకి ఇల్లు వదిలినప్పుడు తను చూడనిదాన్ని, తొమ్మిదేళ్ళ తర్వాత తనే తండ్రయ్యాక ఊహించి వేశాడు ఆయన. కథకి బొమ్మ వెయ్యడం అంటే రాసింది మళ్ళీ రంగుల్లో చూపించడం కాదని నాకు ఆ రోజు తెలిసింది. మా అమ్మ అడిగిన "వెనక్కి చూడడేం" కి కూడా జవాబు అదే, చూస్తే వాడు వెళ్ళలేడు.

నేను వచ్చేటప్పుడు అప్పటికి బేగంపేట ఎయిర్‌పోర్టే. సుమోలో అందరూ వచ్చారు, అమ్మ చాలా మామూలుగా ఉంది, మాగాయ సీసా చుట్టూ కట్టిన కవరు ఊడుతుందేమో అని దాని గురించే మాట్లాడుతూ నిలబడింది, నేనూ ట్రాలీ తోసుకుంటూ పాస్‌పోర్టు ఎక్కడుందో చూసుకుంటూ లోపలికి వెళ్ళిపోయా. తర్వాత ఆవిడ ఎలా ఉందో నేనెప్పుడూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఫోన్ చేస్తే "నాకేం, బాగానే ఉన్నా" అనే.

నాన్న పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చి కొన్నాళ్ళుంది. లాంగ్‌వుడ్ తోటలన్నీ చూశాక అక్కడి నుంచి దగ్గరే కదా అని బ్రాండీవైన్ మ్యూజియంకి తీసుకెళ్ళా, ఏం చూపించబోతున్నానో చెప్పలేదు. మ్యూజియం అంటే ఏటి ఒడ్డున పాత పిండిమర, 1971 లో దాన్ని మ్యూజియం చేశారు, లోపల అప్పటి పెద్ద దూలాలు అలాగే ఉంచారు, అద్దాల గోడల్లోంచి కిందకి చూస్తే ఏరు పారుతుంటుంది. అమ్మ ముందు ఆ దూలాలు చూసింది, ఏం చెక్కో అని చెయ్యి పెట్టి తడిమింది. తర్వాత ఒక గదిలోకి తిరిగాం, ఎదురుగా గోడ మీద ఉంది.

నేను చెప్పేలోపే గుర్తుపట్టింది. "ఇది మన పుస్తకంలోది కదే" అంది. దగ్గరికి వెళ్ళింది. పుస్తకంలో గోడ మట్టిరంగులో మసగ్గా ఉండేది, ఇక్కడ ఆ ఎండ నిజంగా ఎండలా ఉంది, మధ్యాహ్నం దాటాక మన సున్నం గోడల మీద పడే పసుపు ఎండ. రంగు మందంగా పడిన చోట కుంచె వెంట్రుకల గీతలు కూడా కనిపిస్తున్నాయి. జిమ్ ముఖం మన ముఖం ఎత్తులో ఉంటుంది, వాడు నడుచుకుంటూ వచ్చి మన పక్క నుంచి వెళ్ళిపోతాడేమో అన్నట్టుంటాడు, అందుకే వాడి వెనకున్న ఆవిడ మనకి మిగిలిపోతుంది. జానెడు బొమ్మలో ఇది నాకు ఎప్పుడూ తెలియలేదు.

అమ్మకి మొత్తం చెప్పా, వైయత్ గురించి, వాళ్ళమ్మ గురించి, ఉత్తరాల గురించి, కథలో తల్లి ఏడవదు అన్న సంగతి కూడా. అంతా విని "ఏడవకేం, వాడు చూసుండడు" అంది. నేను పుస్తకాలు ముందేసుకుని తెలుసుకున్నది ఆవిడ అక్కడికక్కడ అనేసింది. తర్వాత డబ్బు సంగతి చెప్తే "బొమ్మలేసి పద్దెనిమిది ఎకరాలా!" అని ఆశ్చర్యపోయింది, మా వైపు ఎకరం అంటే ఏంటో తెలిసిన మనిషి కాబట్టి ఆయన్ని ఇంకాస్త గౌరవంగా చూడటం మొదలుపెట్టింది.

ఆ 18 ఎకరాల్లో ఇల్లూ స్టూడియో మ్యూజియం వాళ్ళే చూపిస్తారు, చిన్న బస్సులో తీసుకెళ్తారు. స్టూడియోలో ఆయన తుపాకులూ, బెరడుతో చేసిన పడవా, బొమ్మల కోసం దాచుకున్న సరంజామా అంతా ఉంది. ఈజిల్ మీద జార్జ్ వాషింగ్టన్ రైతుగా ఉన్న బొమ్మ సగంలో ఆగిపోయి ఉంది. 1945 అక్టోబరు 19 న ఆయనా, చిన్న మనవడూ కారులో వెళ్తూ అక్కడికి దగ్గర్లోనే రైల్వే క్రాసింగ్ లో రైలు గుద్ది చనిపోయారు. కొడుకు ఆండ్రూ వైయత్ తర్వాత అమెరికాలో ఎంత పెద్ద చిత్రకారుడయ్యాడో చాలామందికి తెలుసు, గడ్డి మైదానంలో నేల మీద కూర్చుని దూరంగా ఇంటి వైపు చూసే అమ్మాయి బొమ్మ ఆయనదే, 1948 లోది. తండ్రి మాత్రం జీవితమంతా నన్ను బొమ్మల పుస్తకాలవాడు అంటారు, చిత్రకారుడు అనరు అని బాధపడ్డాడట. నాకు ఇది చాలా కష్టంగా అనిపిస్తుంది. సముద్రం దాటి ఇంగ్లీషు రాని ఒక తల్లి వసారాలో ఆయన బొమ్మ దగ్గర ఆగిపోయేది కదా, అంతకంటే ఏం కావాలి చిత్రకారుడికి. ఆయన ఉంటే చెప్పేదాన్ని.

పుస్తకాల కోసం వేసిన పెయింటింగులకి ఆ రోజుల్లో పుస్తకం అచ్చయ్యాక పెద్ద విలువ ఉండేది కాదు. కొన్ని పబ్లిషర్ల దగ్గర ఉండిపోయాయి, కొన్ని ఎవరెవరి చేతుల్లోకో వెళ్ళాయి, కొన్ని జాడ లేవు. రామోనా అనే నవలకి 1939 లో ఆయన వేసిన నాలుగిట్లో ఒకటి 2017 లో న్యూ హాంప్‌షైర్ లో మాంచెస్టర్ అనే ఊళ్ళో పాత సామాన్ల దుకాణంలో 4 డాలర్లకి ఒకావిడకి దొరికింది, ఆవిడ పాత ఫ్రేముల కోసం వెతుకుతుంటే ఆ గుట్టలో ఉందట, ఏళ్ళ తరబడి ఇంట్లో పెట్టుకుంది, చివరికి 2023 లో వేలం వేస్తే 1,91,000 డాలర్లు పలికింది. ఆ వార్త చదివినప్పుడు డబ్బు కంటే నాకు మిగతావి ఏ గోడకి ఆనించి ఉన్నాయో, ఎవరి అటక మీద ఉన్నాయో అనే అనిపించింది.

2021 సెప్టెంబరులో ఐడా తుఫాను వచ్చినప్పుడు బ్రాండీవైన్ ఎన్నడూ లేనంతగా పొంగింది, మ్యూజియం కింది అంతస్తులోకి నీళ్ళు వచ్చేశాయి, చుట్టుపక్కల ఉన్న మ్యూజియం వాళ్ళ బిల్డింగులు కొన్ని బాగా దెబ్బతిన్నాయి. బొమ్మలన్నీ పై అంతస్తుల్లో ఉండబట్టి ఒక్కదానికీ ఏం కాలేదు. టీవీలో అమెరికా వరదలు చూసి అమ్మ ఫోన్ చేసింది, మా ఇంటి సంగతి కనుక్కున్నాక రెండో మాట ఆ పిండిమర గురించే.

ఆ సెట్టులో ఇంకొకటి, స్తంభం మీద జిమ్ రెండు పిస్తోళ్ళతో ఉన్నది, కనెటికట్ లో న్యూ బ్రిటన్ అనే ఊళ్ళో అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. మా బాబుకి కాంచన ద్వీపం రాత్రిళ్ళు నేనే తెలుగులో చదివి వినిపిస్తున్నా, ఇజ్రేల్ హ్యాండ్స్ అధ్యాయం అయిపోగానే కారెక్కుదాం అన్నాడు, అన్నయ్య కూడా న్యూజెర్సీ నుంచి వస్తానన్నాడు.